సోమవారం నుంచి శనివారం దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఏటా బైబిలు మొత్తం చదవాలని మొదలుపెడతాను. లేవీయకాండం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. లోపం నా భక్తిలోనా?

జవాబు: చాలావరకు లెక్కలో ఉంది. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే వారానికి 23 అవుతాయి, ఏడాదికి పూర్తవుతుంది. మొదటి మూడు వారాలు అబ్రాహాము, యోసేపు, మోషేలతో హాయిగా గడిచిపోతాయి. నాలుగో వారంలో ప్రత్యక్ష గుడారం (అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతలు మొదలవుతాయి. ఐదో వారంలో లేవీయకాండం దాదాపు అంతా మీద పడుతుంది. అంటే అలవాటు ఇంకా కుదురుకోకముందే కష్టమైన భాగం వచ్చేస్తోంది. అక్కడ రెండు రోజులు తప్పితే మూడో రోజు తొమ్మిది అధ్యాయాలు చదవాలి. ఎవరైనా పుస్తకం మూసేస్తారు.

ఈసారి కొత్త నిబంధనతో మొదలుపెట్టండి. అందులో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున సరిగ్గా 52 వారాలు. మిగిలిన రెండు రోజులు తప్పిపోయినవాటికి ఉంచుకోండి. అవీ చాలకపోతే పాత బాకీ వదిలేసి ఆ రోజు భాగమే చదవండి. అధ్యాయాలన్నీ ఒక్క సైజులో ఉండవన్నదీ గుర్తుంచుకోండి: 117వ కీర్తన రెండు వచనాలు, 119వ కీర్తన 176. పెద్దది వచ్చిన రోజు సగంలో ఆపడం తప్పేమీ కాదు. చదివాక ఒకే ఒక్క వాక్యం రాసుకోండి, అదీ ఆ రోజు చేయగలిగిన పనిగా. ‘ప్రేమ కలిగి ఉండాలి’ అని రాస్తే సాయంత్రానికి అది జరిగిందో లేదో చెప్పలేం. ‘మధ్యాహ్నంలోగా అక్కకు ఫోన్ చేయాలి’ అని రాస్తే చెప్పగలం.

ప్రశ్న: ప్రార్థనకు కూర్చోగానే చేయాల్సిన పనులన్నీ గుర్తొస్తాయి. ఏం చేయాలి?

జవాబు: పక్కన ఒక కాగితం పెట్టుకుని, గుర్తొచ్చిన పనిని రెండు మాటల్లో రాసేసి మళ్ళీ ప్రార్థనలోకి రండి. రాసిందాన్ని మెదడు పదేపదే గుర్తు చేయదు. ఫోన్ వేరే గదిలో ఉండాలి. వాక్యం కూడా ఆ పూటకు అచ్చు పుస్తకంలోనే చదవండి. మాటలు దొరకకపోతే ప్రభువు ప్రార్థన (మత్తయి 6:9-13) ఒక్కో విన్నపం దగ్గర ఆగుతూ, దాని కింద మీ సంగతి చెప్పుకోండి. ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్లను ఏడు రోజులకు పంచుకుంటే రోజుకు నాలుగైదు వస్తాయి. ముప్పై పేర్లూ ఒకేసారి గబగబా చదవడం హాజరు పట్టీలా ఉంటుంది.

ప్రశ్న: ఇదివరకు పనిచేసిన చోట ప్రయాణ ఖర్చులు ఎక్కువ రాసి డబ్బు తీసుకునేవాణ్ణి. రక్షణ పొందాక (యేసును నమ్ముకున్నాక) దేవుని దగ్గర ఒప్పుకున్నాను. అయినా మనసు కుదుటపడటం లేదు. ఆ మొత్తం సంఘానికి కానుకగా ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ సొమ్ముకు సొంతదారు ఉన్నాడు, సంఘం కాదు. లేవీయకాండం 6:1-7 చూడండి: అన్యాయంగా తీసుకున్నదాన్ని అసలుకు ఐదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి, తర్వాతే బలి. అది యాజకునికి చెందేది సొంతదారు గానీ దగ్గరి బంధువు గానీ లేనప్పుడే (సంఖ్యాకాండం 5:7-8). అంటే మీరు మొదట అనుకున్నది వరుసలో చివర ఉంది. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అది అతని ఉత్సాహం. మీకు నియమంగా పెట్టడం లేదు.

ముందు లెక్క తేల్చండి. బిల్లులు దొరక్కపోతే నెలకు ఎన్ని ప్రయాణాలు, ఒక్కోదానికి ఎంత ఎక్కువ రాశారు, ఎన్ని నెలలు అని అంచనా వేయండి. సందేహం ఉన్నచోట పై అంకె తీసుకోండి. వంద తేలితే నూట ఇరవై తిరిగి ఇస్తారు. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల తేదీలు మీరే రాసివ్వండి.

ఉత్తరం మూడు వాక్యాలు చాలు: ‘మీ దగ్గర పనిచేసిన రోజుల్లో ప్రయాణ ఖర్చులు ఎక్కువ రాసి తీసుకున్నాను. నా లెక్క ప్రకారం అది ఇంత. ఐదో వంతు కలిపి తిరిగి ఇస్తున్నాను.’ ఉత్తరం పాడయ్యేది సాధారణంగా నాలుగో వాక్యంలోనే. ‘అప్పట్లో జీతం చాలేది కాదు’, ‘అందరూ అలాగే చేసేవారు’ అనే మాటలు అక్కడే దూరుతాయి. మొదటిది ఒప్పుకోలును సాకుగా మారుస్తుంది, రెండోది పక్కవాళ్ళ తప్పును కూడా మీ ఉత్తరంలో బయటపెడుతుంది. మీ వంతు మాత్రమే చెప్పండి. పేరు లేకుండా డబ్బు పంపితే సొమ్ము చేరుతుంది, నిజం చేరదు. మా ఉద్దేశంలో అది సగం పనే.

ఒక జాగ్రత్త. దీనివల్ల కేసు పడే అవకాశం ఉంటే ఉత్తరం పంపేముందే లాయరుతో మాట్లాడండి, ఇంట్లో భార్యకు చెప్పండి. అది విశ్వాసం తక్కువై కాదు, మీ మీద ఆధారపడినవాళ్ళు ఉన్నారు గనుక. అవతలివాళ్ళు క్షమించకపోవచ్చు కూడా. అందుకని ఇచ్చేది తగ్గదు.

ప్రశ్న: దశమ భాగం (రాబడిలో పదో వంతు కానుక) మొత్తం జీతం మీదా, చేతికొచ్చినదాని మీదా?

జవాబు: కొత్త నిబంధన ఈ లెక్క చెప్పదు. రాబడికి తగ్గట్టు వారం మొదటి రోజునే తీసి పక్కన పెట్టమంటుంది (1 కొరింథీ 16:2), బలవంతంగా కాక మనసులో నిశ్చయించుకుని ఇమ్మంటుంది (2 కొరింథీ 9:7). జీతం వచ్చిన రోజే పక్కన పెట్టండి. నెలాఖరున మిగిలినదాంట్లోంచి ఇద్దామంటే ఏమీ మిగలదు. అప్పు చేసి ఇవ్వొద్దు. తల్లిదండ్రులకు పెట్టాల్సింది ‘దేవునిది’ అని తప్పించుకోవడాన్ని యేసు నేరుగా తప్పుపట్టాడు (మార్కు 7:9-13, కొర్బాను అంటే ‘దేవునికి అర్పితం’ అన్న సంగతి).

ప్రశ్న: సంఘంలో ఒక సహోదరి నా గురించి లేనిపోనివి చెప్పింది. క్షమించానంటున్నాను గానీ ఆమె ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నాను.

జవాబు: మత్తయి 18:15-17లో వరుస ఉంది: మొదట ఒంటరిగా మీరు, ఆమె. వినకపోతే ఒకరిద్దరు సాక్షులు. అప్పటికీ కాకపోతే సంఘం. మనవాళ్ళు తప్పేది మొదటి మెట్టు దగ్గరే. ఆమెతో తప్ప అందరితోనూ మాట్లాడతాం. పైగా ‘ప్రార్థన అంశం’ అని పేరు పెడతాం. ‘ఫలానా ఆవిడ నోరు కోసం ప్రార్థించండమ్మా’ అన్నాక అది ప్రార్థన కాదు, ప్రచారం.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కాకుండా వేరే సమయం అడగండి. విన్న మాటను విన్నట్టే చెప్పి, ‘ఇది మీరన్నారా, వదినా?’ అని అడిగి ఆగండి. సగంసార్లు మధ్యవాళ్ళు అతికించినదే తేలుతుంది. ఆమె ఒప్పుకుంటే అక్కడితో ముగించండి, పాత చిట్టా విప్పకండి. క్షమించడమంటే పగ తీర్చుకోవడం మానుకోవడం. మళ్ళీ మీ ఇంటి రహస్యాలు చెప్పుకోవాలని కాదు. నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది.

ఇదే ప్రశ్న కొట్టే భర్త గురించైతే జవాబు వేరు. అక్కడ ‘ఒంటరిగా వెళ్ళి మాట్లాడు’ అనే సలహా ఎవరిచ్చినా వినకండి. ముందు సురక్షితమైన చోటికి చేరాలి, పోలీసుల సాయం తీసుకోవాలి.

ప్రశ్న: షిఫ్టు డ్యూటీల వల్ల నెలకు రెండు ఆదివారాలు ఆరాధన తప్పుతోంది.

జవాబు: డ్యూటీ చార్టు చేతికొచ్చిన రోజే ఆ రెండు వారాలకు బదులు రోజు క్యాలెండర్లో రాసేయండి: వారం మధ్య కూడిక గానీ, మరొక కుటుంబంతో కలిసి గంట ప్రార్థన గానీ. రికార్డు చేసిన ప్రసంగం వినడం మంచిదే, కానీ అందులో మిమ్మల్ని ‘ఎలా ఉన్నావు?’ అని అడిగేవాళ్ళు ఉండరు. మీ కాపరికి (పాస్టరుకు) కూడా ఆ తేదీలు ముందే చెప్పండి.