ఆ కండక్టరుది దయా, జాలా?

అమ్మాయ్,

నీ కథని నువ్వే ఇంగ్లిష్ చేసి పంపావు, చదివాను. తెలుగులో చదివినప్పుడు బస్సు ఘట్టం దగ్గర నా గొంతు పట్టేసింది. ఇంగ్లిష్‌లో సరిగ్గా అక్కడే బస్సు గుంతలో పడింది. ఒక్క పేజీలో 'కంపాషన్' మూడుసార్లు! కండక్టరు కళ్లలో కంపాషన్, గొంతులో కంపాషన్, చివరికి టికెట్ చింపి ఇచ్చినప్పుడూ కంపాషనే. డిక్షనరీలో దయకి ఎదురుగా ఏముందో చూసి దించేశావని తెలిసిపోతోంది.

మెర్సీ, పిటీ, కైండ్‌నెస్ అన్నీ దయే కదా, ఏది ఎక్కడ పడుతుందో ఎలా తెలుస్తుందని అడిగావు. నేను ముందు చూసుకునేది ఒకటే. అక్కడ ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉంది?

ఈ సంగతి నాకు పరువు పోయాకే తెలిసింది. తొలిరోజుల్లో ఓ కథ అనువాదం చేస్తున్నాను. ఊరి పెద్దాయన పలకరిస్తే రైతు "మీ దయ వల్ల అందరం బాగున్నామండి" అంటాడు. నేను దాన్ని 'బై యువర్ మెర్సీ' అని రాసి పంపాను. తిరిగొచ్చిన కాగితం అంచున ఎడిటర్ పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశాడు: "ఈ కుటుంబం ఏం నేరం చేసింది?" నాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. మనకి 'మీ దయ' మర్యాద మాట. ఇంటికొచ్చినవాళ్లని దయచేయండి అంటాం, విసిగిస్తే ఇక దయచెయ్ అని గుమ్మం కూడా చూపిస్తాం. మెర్సీకి అంత చనువు లేదు. ఎక్కడో ఒక చెయ్యి కొట్టడానికి లేచి ఉండాలి. అది కొట్టకుండా దిగితే మెర్సీ. 'ఎట్ ది మెర్సీ ఆఫ్' అన్నా అదే, వాళ్ల దయాదాక్షిణ్యాల మీద బతకడం.

మన పేపర్లవాళ్లు ఈ మాటతో ఎలా నెగ్గుకొచ్చారో చూడు. ఉరిశిక్ష పడ్డవాడు రాష్ట్రపతికి పెట్టుకునే మెర్సీ పిటిషన్ క్షమాభిక్ష అయింది. మెర్సీ కిల్లింగ్ కారుణ్య మరణం అయింది. సర్వీసులో ఉండగా తండ్రి పోతే కొడుక్కిచ్చే ఉద్యోగం కూడా కారుణ్య నియామకమే, కానీ దాని ఇంగ్లిష్‌లో మెర్సీ లేదు, కంపాషనేట్ అపాయింట్‌మెంట్. క్షమాభిక్ష అనగానే నాకు చాపిన జోలె కనిపిస్తుంది. మెర్సీ వేర్లు తవ్వితే లాటిన్‌లో జీతం, కూలి అనే అర్థం తగులుతుంది, మర్చంట్ అనే మాటకి దగ్గరి చుట్టం. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ థ్యాంక్స్ అనడానికి మెర్సీ అంటారు.

బైబిల్ సంగతి కూడా చెప్పాలి. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా 'ఆయన కృప నిరంతరముండును' అని వస్తుంది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ఆ కృప ఉన్న చోట మెర్సీ ఉంది. మత్తయి సువార్తలో 'కనికరముగలవారు ధన్యులు' అన్నచోటా మెర్సీయే. మూలంలో ఒకటి హీబ్రూ, ఒకటి గ్రీకు. ఇంగ్లిష్ రెంటినీ ఒకే గాటన కట్టింది, తెలుగు కట్టలేదు. మన భాషలో మాటలు చాలవని ఇంకెప్పుడూ అనకు.

క్లెమెన్సీ ప్రభుత్వాల మాట, మీ కండక్టరు దగ్గరికి రానివ్వకు. 1857 తిరుగుబాటు వేళ దొరికినవాళ్లని దొరికినట్టు శిక్షించొద్దని గవర్నర్ జనరల్ కానింగ్ జులై 31న ఉత్తర్వు ఇస్తే, అతని మనుషులే 'క్లెమెన్సీ కానింగ్' అని ఎగతాళి చేశారు. దయ అనే మాట తిట్టుగా కూడా పనికొస్తుందన్నమాట.

పిటీకీ అలాంటి గతే పట్టింది. భక్తి అనే అర్థమున్న పైటీ, ఇదీ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. ఇప్పుడు 'ఐ డోంట్ వాంట్ యువర్ పిటీ' అని మొహం మీద కొడతారు. మనం "నీ జాలి నాకేం అక్కర్లేదు" అన్నట్టే. అందుకే జాలికి పిటీ చాలాసార్లు సరిగ్గా అతుకుతుంది. ఎంపతీ, అంటే ఎదుటివాళ్ల బాధని మన బాధగా అనుకోవడం, దాని జోలికి మాత్రం పోకు. జర్మన్ మాటకి బదులుగా 1909లో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లిష్‌లో తెచ్చిపెట్టిన పదం అది. ఇప్పుడు ఆఫీసు ట్రైనింగుల్లో మోగిపోతోంది. పల్లెవెలుగు బస్సులో ఆ మాట వింటే నాకు ప్రొజెక్టరు, బిస్కెట్లు గుర్తొస్తాయి.

ఇక నీ కండక్టరు. కథ పాతకాలంలో జరిగిందని ఎక్కడో ఒకచోట తెలియాలి సుమా, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ బస్సులో ఆడవాళ్లకి చార్జీయే లేదు. ముసలమ్మ కొంగుముడి విప్పింది, చిల్లర చాల్లేదు. అతను దిగమంటాడేమోనని అందరూ చూస్తున్నారు. అతను చూసీ చూడనట్టు ఊరుకుంటే అది లీనియన్సీ, చెకింగ్ వాళ్లు ఎక్కితే అతని మెడకే చుట్టుకునేది. కానీ నువ్వు రాసింది అది కాదు. అతను చొక్కా జేబులోంచి రెండు నాణేలు తీసి తన సంచిలోనే వేసుకుని, టికెట్ చింపి ఆమె చేతిలో పెట్టి "సీటు ఖాళీ అయింది, కూర్చో అవ్వా" అన్నాడు. ఆమె జుట్టు తన చేతిలో ఉన్న సంగతే మర్చిపోయాడు. అక్కడ ఏదైనా మాట పెట్టక తప్పదనుకుంటే కైండ్‌నెస్. కిన్ అంటే చుట్టాలు కదా, కైండ్ ఆ ఇంటి పిల్లే. అవ్వా అన్న పిలుపుకి అంతకంటే దగ్గరి మాట దొరకదు. నేనైతే ఆ నాణేల చప్పుడు వినిపించి ఊరుకుంటాను, మాట కొట్టేస్తాను.

ఒకటి మిగిలింది. వెనక సీటావిడ "పాపం" అంటుంది. నువ్వు 'వాట్ ఎ పిటీ' అని పెట్టావు. అది పెళ్లికి రాలేకపోయామని చెప్పినప్పుడు అనే మాట. 'పూర్ థింగ్' ఫర్వాలేదు గానీ, దోషానికీ జాలికీ ఒకే పదం వాడే మన పాపం అందులో ఎక్కడుంది? నేను ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నాను. నీకు దొరికితే ఉత్తరం దాకా ఆగకు, ఫోన్ చెయ్.

ఉంటాను.