పల్స్‌ఆడియో ఆపినా మళ్లీ లేస్తోంది, ‘డమ్మీ అవుట్‌పుట్’ మాత్రమే కనిపిస్తోంది: సమాధానం

ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్)లో పైప్‌వైర్ వేశాక సౌండ్ పోయిందని, పల్స్‌ఆడియో ఆపినా మళ్లీ లేస్తోందని, అసలు స్పీకర్ల బదులు ‘డమ్మీ అవుట్‌పుట్’ మాత్రమే కనిపిస్తోందని అడిగారు. యాప్‌ల శబ్దాన్ని స్పీకర్లకు చేర్చే ప్రోగ్రాములు పల్స్‌ఆడియో, పైప్‌వైర్ రెండూ సౌండ్ కార్డు కోసం పోటీ పడుతున్నట్టున్నాయి. ఆ వెర్షన్‌లో స్క్రీన్ షేరింగ్ లాంటి వీడియో పనులకు పైప్‌వైర్, శబ్దానికి పల్స్‌ఆడియో వాడతారు. శబ్దం కూడా పైప్‌వైర్‌కే ఇవ్వాలంటే పాతదాన్ని పూర్తిగా ఆపాలి.

1. పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్ ప్యాకేజీలు రెండూ ఉన్నాయో లేదో చూడండి. వైర్‌ప్లంబర్ లాంటి సెషన్ మేనేజర్ (స్పీకర్లు, మైకుల లాంటి పరికరాలను పైప్‌వైర్‌కు కలిపేది) లేకపోతే స్పీకర్లు జాబితాలోకే రావు.

2. చాలామంది వదిలేసేది ఇదే. మీరు పల్స్‌ఆడియో డాట్ సర్వీస్ ఒక్కదాన్నే ఆపారు. దాని పక్కన పల్స్‌ఆడియో డాట్ సాకెట్ కూడా ఉంటుంది. అది తలుపు దగ్గర కాపలావాడిలాంటిది: బ్రౌజర్ వచ్చి శబ్దం అడగగానే లోపలి సర్వీసును లేపేస్తుంది. అందుకే సిస్టమ్‌సీటీఎల్‌లో (సర్వీసులను నడిపే, ఆపే కమాండ్) ‘మాస్క్’ (మళ్లీ లేవకుండా పూర్తిగా కట్టేసేది) వాడి, వెంటనే ఆగడానికి ‘--నౌ’ చేర్చి, సర్వీస్, సాకెట్ రెండింటికీ కలిపి ఇవ్వండి. ‘డిసేబుల్’ సరిపోదు.

ఈ కమాండ్‌కు ‘--యూజర్’ తప్పనిసరి, ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పెట్టకండి. ఇవి మీ లాగిన్‌కు చెందిన సర్వీసులు. సుడోతో ఇస్తే అసలు వాటిని తాకదు.

3. అలాగే ‘--యూజర్’తోనే పైప్‌వైర్, పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్‌లను ‘ఎనేబుల్ --నౌ’ చేయండి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

4. టెర్మినల్‌లో ‘పీఏసీటీఎల్ ఇన్ఫో’ (ఏ సౌండ్ సర్వర్ నడుస్తోందో చూపే కమాండ్) కొట్టి ‘సర్వర్ నేమ్’ వరుస చూడండి. ‘పల్స్‌ఆడియో (ఆన్ పైప్‌వైర్ ...)’ అని ఉంటే పని అయినట్టే. అందులో పల్స్‌ఆడియో పేరు చూసి టెన్షన్ పడొద్దు, పాత యాప్‌ల కోసం పైప్‌వైర్ అలాగే చెప్పుకుంటుంది.