ప్యానెల్ మాయమైతే ముందు చెయ్యి ఆపు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విని కంగారుపడ్డాను. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌లో రిబ్బన్, అంటే పైనుండే బటన్ల పట్టీ, మొత్తం పోయింది, పొద్దున్నే డ్రాయింగ్ సైటుకు పంపాలి, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేసుకుంటానన్నావు. వద్దని ఎందుకన్నానో అప్పుడు వివరంగా చెప్పలేకపోయాను.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఆఫీసులో ఒకాయనకు ఇలాగే అయింది. టెన్షన్‌లో రీసెట్ కొట్టేశాడు, అంటే సెట్టింగులన్నీ మొదట్లో ఉన్నట్టు మార్చేశాడు. రిబ్బన్ వచ్చింది గానీ, ఆయన రెండేళ్ళుగా కూర్చుకున్న టూల్ ప్యాలెట్లు, అంటే తరచు వాడేవి పేర్చుకునే పెట్టెలు, షార్ట్‌కట్లు అన్నీ పోయాయి. తలుపులు, కిటికీలు, స్తంభాల బ్లాకులు, అదే రెడీమేడ్ బొమ్మలు, ఒక్కొక్కటే మళ్ళీ పేర్చుకుంటూ కూర్చున్న ఆయన ముఖం నాకింకా గుర్తుంది. నీకు ఆ అవస్థ రాకూడదు.

ముందు కంట్రోల్ ఎస్ కొట్టు. తెర మీద బటన్లుండే ప్యానెళ్ళ అమరిక వేరు, డ్రాయింగ్ ఫైలు వేరు. ప్యానెల్ పోయినంత మాత్రాన నువ్వు గీసిన ఒక్క గీత కూడా చెదరదు. ఆ ధైర్యంతో, పోయింది ఏదో సరిగ్గా చూడు.

రిబ్బన్, ప్యాలెట్లు ఒక్కసారే పోయి డ్రాయింగ్ తెరంతా పరుచుకుంటే అది క్లీన్ స్క్రీన్. కంట్రోల్ 0 నొక్కితే అన్నీ తిరిగొస్తాయి. కీబోర్డు ఒకసారి చూడు, 0 పి పైనే, కాస్త ఎడమగా ఉంటుంది. ప్రింటు కోసం కంట్రోల్ పి నొక్కబోతూ వేలు కాస్త పైకి జారితే చాలు.

రిబ్బన్ ఒక్కటే పోతే, రిబ్బన్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టు. ట్యాబ్‌ల పేర్లు మాత్రమే మిగిలితే అది పోలేదు, ముడుచుకుంది. ట్యాబ్‌ల వరస చివర ఉన్న చిన్న బాణం నొక్కుతూ పో. లేయర్స్ లాంటి ఒక్క ప్యానెలే కనపడకపోతే రిబ్బన్ మీద రైట్ క్లిక్ చేసి, షో ప్యానెల్స్‌లో దానికి టిక్ పెట్టు. ఒక్కోసారి అది ఊడివచ్చి డ్రాయింగ్ మీదే తేలుతుంటుంది. దాని మూలన ఉన్న బటన్ నొక్కితే తన చోటుకి వెళ్ళిపోతుంది.

కమాండ్లు టైప్ చేసే కమాండ్ లైన్‌కి కంట్రోల్ 9, గీసినదాని వివరాలు చూపే ప్రాపర్టీస్‌కి కంట్రోల్ 1. కమాండ్ లైన్ మూసేటప్పుడు ఒక పెట్టె వచ్చి, మళ్ళీ కావాలంటే ఏ కీ నొక్కాలో కూడా చెబుతుంది. తొందరలో మనం చదవకుండా యెస్ కొట్టేస్తాం. ఇకనుంచి చదువు తల్లీ. ప్యాలెట్లన్నీ ఒక్కసారే దాక్కుంటే కంట్రోల్, షిఫ్ట్, హెచ్.

నీ ల్యాప్‌టాప్ విషయంలో నాకు ఇంకో బెంగ ఉంది. ఆఫీసులో రెండో మానిటర్ మీద ప్రాపర్టీస్ పెట్టుకుని, ఇంటికొచ్చాక కంట్రోల్ 1 నొక్కినా రావట్లేదంటావు. అది తెరుచుకునే ఉండొచ్చు, లేని మానిటర్ మీద. వైరు పీకేముందే దాన్ని ల్యాప్‌టాప్ తెర మీదికి లాగి పెట్టుకో.

ఇవేవీ పనిచేయకపోతే కింద కుడివైపు పళ్ళ చక్రం బొమ్మ నొక్కి, డ్రాఫ్టింగ్ అండ్ యానోటేషన్ అనే అమరికను మళ్ళీ ఎంచుకో. రాత్రిపూట పని ఆగిపోయేలా ఉంటే మెనూబార్ అని టైప్ చేసి 1 ఇవ్వు, పాత మెనూలు పైన వస్తాయి. రిబ్బన్ 2009 వెర్షన్‌తో వచ్చింది, అంతకుముందు మేమంతా ఆ మెనూలతోనే బిల్డింగులు గీశాం. రీసెట్ అన్నిటికన్నా చివర. అప్పుడు కూడా బ్యాకప్ తీసుకోమని అడుగుతుంది, తప్పకుండా తీసుకో.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే అన్నీ నీకు కావలసినట్టు సర్దుకుని, అదే చక్రం దగ్గర సేవ్ కరెంట్ యాజ్ నొక్కి నీ పేరు పెట్టుకో. ఈసారి ఏది పోయినా ఆ పేరు ఎంచుకుంటే నీ అమరిక తిరిగొస్తుంది. ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, నీ టూల్ ప్యాలెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎలా తీసుకోవాలో పక్కన కూర్చుని చూపిస్తాను.

మావయ్య