అపార్ట్‌మెంట్ డాబా మీద డిష్ పెట్టుకునే హక్కు ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. అమలాపురంలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు మీది. పై డాబా మీద టీవీ డిష్ పెట్టుకుంటామంటే సంఘం వద్దంది. కింద దుకాణం నడిపే ఆయన డిష్ మాత్రం ఎప్పటినుంచో అదే డాబా మీద ఉంది, అదీ మీరు పెట్టబోయేదానికి రెండింతలు. అమెరికాలో ఉంటున్న మీ అబ్బాయి, అక్కడైతే ఇలా ఆపడానికి చట్టం ఒప్పుకోదని చెప్పాడు. మనకూ అలాంటి చట్టం ఉందా, మునిసిపాలిటీకి ఫిర్యాదు చేయవచ్చా అని అడిగారు.

అబ్బాయి చెప్పింది నిజమే, కానీ సగమే. అక్కడి సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996లో ఆ నిబంధన తెచ్చింది. ఒక మీటరు వ్యాసానికి మించని డిష్‌ను ఊరి పాలకవర్గం కానీ, కాలనీ సంఘం కానీ అడ్డుకోకూడదు, అకారణంగా జాప్యం చేయకూడదు, ఖర్చు పెంచకూడదు. వ్యాపార, పారిశ్రామిక ప్రాంతాల్లో రెండు మీటర్ల వరకు ఉన్న డిష్‌లకు స్థానిక ఆంక్షల నుంచి రక్షణ ఇచ్చే నియమం మరొకటి ఉంది. అయితే ఇంటి డిష్‌కు ఒక షరతు ఉంది. పెట్టే చోటు పూర్తిగా మీ ఒక్కరి వాడకంలో ఉండాలి. సొంత పెరడు, సొంత బాల్కనీ అయితే సరే. పది కుటుంబాలు బట్టలు ఆరేసుకునే ఉమ్మడి డాబా ఆ రక్షణ కిందికి రాదు. భద్రత కోసం పెట్టే షరతులు కూడా చెల్లుతాయి. మీ తగాదా అక్కడ జరిగినా డాబా విషయంలో మీరు గెలిచేవారు కాదు, బాల్కనీ విషయంలో గెలిచేవారు.

ఇక మన సంగతి. ముప్పై ఏళ్ళుగా డిష్‌లు బిగించే పనిలో ఉన్నాను. ఇంటి టీవీ కోసం పెట్టే రెండడుగుల డిష్‌కు మునిసిపాలిటీ అనుమతి పత్రం అడిగిన సందర్భం నాకు ఒక్కటి కూడా ఎదురుకాలేదు. అలాగే అమెరికా నిబంధన లాంటిది చూపించి సంఘం మీద గెలిచినవారినీ చూడలేదు. ఇక్కడ అసలు విషయం ఆ చోటు ఎవరిదన్నదే. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం, వేరుగా రాసుకుంటే తప్ప, పైకప్పు ఉమ్మడి ప్రదేశం. అందులో మీ వాటా ఉంది, కానీ ఇదిగో ఈ మూల నాది అని గీత గీసుకునే వాటా కాదు. కాబట్టి మునిసిపాలిటీకి వెళ్ళే ముందు మీ దస్తావేజు, సంఘం నియమావళి తీసి చదవండి.

సంఘం వారి భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అందుకు కారణం చెప్పాలి.

1993లో రాజోలు వైపు మా ఊళ్ళో మా మేనమామ, నేను కలిసి కేబుల్ టీవీ మొదలుపెట్టాం. ఆ రోజుల్లో సీ బ్యాండ్ అనే తరంగాల మీద ప్రసారాలు, వాటిని పట్టడానికి పన్నెండడుగుల జాలీ డిష్. దాన్ని మా డాబా మీదే బిగించాం. పక్కనే ఒక పెద్దావిడ పెంకుటిల్లు. డిష్ ఎక్కించిన రోజే ఆవిడ వచ్చి, "నాయనా, అది పడితే నా ఇంటి మీదే కదా పడేది" అంది. జాలీయే కదా మామ్మగారూ, గాలి అందులోంచి వెళ్ళిపోతుంది అని చెప్పి పంపించాం. ఏడాదికోసారి నట్లు బిగించినవాళ్ళం కూడా కాదు. ఉప్పుగాలికి కాళ్ళ దగ్గర తుప్పు పట్టడం కనిపిస్తూనే ఉంది, రంగు వేసి వదిలేశాం. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక కనెక్షన్లు పెరిగాయి. అదే ఏడాది కేబుల్ చట్టం వచ్చింది, హెడ్ పోస్టాఫీసుకు వెళ్ళి పేరు నమోదు చేయించుకున్నాం. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. డిష్ కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను. ఆ రాత్రి కోనసీమ ఏమైందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తెల్లవారి చూస్తే తోటల్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. మా డిష్ నాలుగు బోల్టులతో సహా ఊడి, ఆవిడ అన్నట్టే ఆ పెంకుటింటి నడిమధ్య పడి ఉంది. చీకటి పడకముందే ఆవిడ బడికి వెళ్ళి తలదాచుకుంది కాబట్టి బతికింది. ఇల్లు మళ్ళీ కప్పించాం. కానీ ఆవిడ ముందే చెప్పిన మాట విననందుకు కలిగిన బాధ నాకు ఈనాటికీ తగ్గలేదు.

లెక్క చాలా తేలికైనది. పన్నెండడుగుల డిష్ వైశాల్యం రెండడుగుల డిష్‌కు 36 రెట్లు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. చిన్న డిష్‌తో ఆ స్థాయి ప్రమాదం ఉండదు. కానీ నాలుగో అంతస్తు మీద నుంచి వీధిలో పడితే ఆ చిన్నది కూడా మనిషిని చంపగలదు. అందుకే సంఘాన్ని అడిగేటప్పుడు నా హక్కు అని మొదలుపెట్టకండి. ఎక్కడ పెడతారో, ఎలా బిగిస్తారో, కింద పడితే బాధ్యత ఎవరిదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నేను చూసినంతలో, ఆ కాగితం చూశాక కాదన్న సంఘాలు తక్కువ.

బిగించడంలో రెండు తప్పులు పదే పదే కనిపిస్తాయి. ఒకటి శ్లాబుకు నేరుగా రంధ్రం వేయడం. మన దగ్గర వానాకాలంలో ఆ రంధ్రం గుండా నీరు దిగి కింది ఫ్లాటు కప్పు నెమ్మెక్కుతుంది. సంఘాలు డిష్ అంటేనే భయపడటానికి సగం కారణం ఇదే. రెండోది ఒంటి ఇటుక పిట్టగోడకు బిగించడం. గాలికి డిష్ ఊగితే ముందు గోడ వదులవుతుంది. డాబా మీద సిమెంటు దిమ్మ పోసి అందులో గొట్టం నిలబెట్టించండి, లేదా మెట్ల గది కాంక్రీటు స్తంభానికి బిగించండి. బోల్టులు గాల్వనైజ్ చేసినవే కొనండి. గొట్టానికి ఎర్తింగ్ తప్పనిసరి.

సంఘం అప్పటికీ ఒప్పుకోకపోతే బాల్కనీ ఉంది కదా. చాలామంది పైన శ్లాబు అడ్డమని ఆ ఆలోచనే మానుకుంటారు. దూరదర్శన్ ఉచిత డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. అంటే కోనసీమ నుంచి చూస్తే ఆగ్నేయంగా, నేలమట్టం నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తులో. 83 డిగ్రీల రేఖాంశం మీద ఉన్న ఉపగ్రహాలు ఇంచుమించు సూటిగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాయి. ఇంత నిటారుగా చూడాలి కాబట్టి దక్షిణం వైపో, ఆగ్నేయం వైపో బాల్కనీ ఉంటే డిష్‌ను గ్రిల్ ఎత్తులోనే, శ్లాబు అంచు నుంచి రెండడుగులకు మించి లోపలికి పోకుండా పెట్టించండి. శ్లాబు అడ్డం రాదు. పైకి కట్టేకొద్దీ అడ్డం పెరుగుతుంది, తెలియక చాలామంది అదే చేస్తారు. ఉత్తరం బాల్కనీ మాత్రం పనికిరాదు.

దుకాణం డిష్ సంగతి వేరుగా చూడాలి. మీరు చెప్పిన కొలతను బట్టి అది సుమారు 1.2 మీటర్లు ఉంటుంది. ఏటీఎంలకు, పెట్రోలు బంకులకు వాడే రకం. అది టీవీ డిష్‌లా వినడమే కాదు, ఉపగ్రహానికి సంకేతం పంపుతుంది కూడా. డిష్ ముందుకు చాచిన కమ్మీ చివర బరువైన పెట్టె ఉంటే అదే. అలాంటి సేవ కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఉన్న సంస్థ ద్వారానే తీసుకోవాలి. ఆ లైసెన్సు మాత్రం మీ డాబా మీద చోటు ఇవ్వదు. ఆయనకు ఆ చోటు ఎలా వచ్చిందో అడగండి. బిల్డరు దస్తావేజులో రాసి ఉండవచ్చు, సంఘానికి అద్దె కడుతూ ఉండవచ్చు, ఏ కాగితమూ లేకపోవచ్చు కూడా. కాగితం లేకపోతే, ఆయనకు వర్తించని నియమం మీకు మాత్రం ఎందుకు అని సమావేశంలో అడిగే అవకాశం మీకు ఉంది. ఆయన డిష్ తీయించాలని మాత్రం పట్టుపట్టకండి. ఆ ఇనుప కాళ్ళు ఎప్పుడు తనిఖీ చేశారని అడగండి. పెద్ద డిష్ విషయంలో నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ కాళ్ళే.

ఇంకో దారి ఉంది. ఒకే సంస్థ సేవ వాడే ఇళ్ళు అయిదారు ఉంటే ఒక్క డిష్ పెట్టి అందరికీ కేబుల్ పంచవచ్చు. పాలకొల్లులో ఒక అపార్ట్‌మెంటుకు అలాగే చేశాను. డాబా మీద పదకొండు డిష్‌లు ఉండేవి, ఇప్పుడు రెండే ఉన్నాయి. బట్టల దండేలకు చోటు దొరికిందని ఆడవాళ్ళే ముందు సంతోషించారు. మీ సంఘం దీనికి ఒప్పుకోవచ్చు.

పక్క తోటలో కొబ్బరిచెట్లు ఉన్నాయని రాశారు. డిష్ కన్నా యాభై అడుగుల ఎత్తున్న చెట్టయినా, అది చూసే దిశలో పాతిక అడుగుల అవతల ఉంటే అడ్డు రాదు. అంతకన్నా దగ్గరగా ఉంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, గాలి ఉన్న రోజున మరీ ఎక్కువ. మీకు అడ్డొచ్చేవి రెండు చెట్లు కాబట్టి, కాయల దింపు తీసేవారు వచ్చినప్పుడు తోట యజమానిని అడిగి ఆ వైపు ఎండుమట్టలు కూడా తీయించండి.