ల్యాబ్ పెట్టబోతున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

చంద్రగిరి దగ్గర అరటి టిష్యూకల్చర్ ల్యాబ్, అదే పిలక ముక్కను సీసాలో పెంచి వేల మొక్కలు చేసే ల్యాబ్, పెడుతున్నావని రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చేది నువ్వేనని గర్వంగా పడుకున్నాను. మూడింటికి మెలకువ వచ్చి పాకాల రైతు గుర్తొచ్చాడు. ఇంక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలుసు. సీసాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, మొక్కకు తిండి అయిన మీడియం పీహెచ్ 5.8. జనరేటర్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, మన ఎండలకు సీసాలు పెట్టే గ్రోత్ రూమ్ ఒక్క పూటలో ఉడికిపోతుంది.

తల్లి మొక్కల దగ్గర డబ్బు చూసుకోవద్దు. టిష్యూకల్చర్ మొక్కంటే రోగం ఉండదని రైతులు నమ్ముతారు. వెర్రితల వైరస్ ఉన్న పిలకను సీసాలో పెడితే దాని పిల్లలన్నిటికీ అదే రోగం వస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో సర్టిఫికేషన్ పెట్టింది. వైరస్ పరీక్షతో పాటు, మొక్క తల్లి పోలికేనా అని డీఎన్‌ఏ పరీక్ష కూడా అడుగుతారు. ఆ రెండోదాన్ని దండగ ఖర్చు అనుకోవద్దు తల్లీ. ఎందుకో చెప్తాను.

నేను పనిచేసిన ల్యాబ్‌లో ఒక ఏడాది జీ-నైన్ అరటి రకానికి ఆర్డర్లు విపరీతంగా వచ్చాయి. సబ్‌కల్చర్, అంటే పిలకలు విడదీసి కొత్త సీసాల్లోకి మార్చడం, ఎనిమిది సార్లతో ఆపి, కొత్త పిలకలతో మళ్లీ మొదలుపెట్టాలి. పాత సీసాలు పచ్చగా, గుత్తులు గుత్తులుగా పెరుగుతున్నాయి. పారేయడానికి నాకే మనసు రాలేదు. పన్నెండు దాకా పోనిచ్చాను. లేబుల్ మీద ఎన్నోసారో రాయడం కూడా మానేశాను. ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను. హార్మోన్ మీద అన్నిసార్లు పిలకలు వేయిస్తే కొన్నిటి గుణం మారిపోతుంది. సీసాలో తేడా కనబడదు. సీసాల్లోంచి తీశాక మొక్కలు గట్టిపడేందుకు పెట్టే షేడ్‌నెట్ కింద ఆకులు దగ్గర దగ్గరగా, పొట్టిగా ఉన్న మొక్కలు కొన్ని నా కంటపడ్డాయి. నీళ్లు తక్కువై అలా ఉన్నాయిలే అని ట్రేలు లారీకి ఎక్కించాను.

పాకాల రైతు రెండెకరాలకు 2,400 మొక్కలు తీసుకెళ్లాడు. ఏడో నెలలో ఫోన్ చేస్తే వెళ్లాను. వరసల మధ్యలో నడుము ఎత్తు కూడా లేని చెట్లు, గెల బయటికి రాలేక మొవ్వులోనే ఇరుక్కుంది. ఆయన తిట్టలేదు. "మేడమ్, నేను మందు తక్కువేశానా?" అని అడిగాడు. తప్పు తనదే అనుకుంటున్నాడు. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేకపోయాను. భూమిలో లోపం ఉండొచ్చు అనేసి బస్సెక్కాను.

అందుకే, రిజిస్టర్‌లో ప్రతి సీసాకూ తల్లి నంబరు, ఎన్నో సబ్‌కల్చరో రాయి. నువ్వే రాయి, పనివాళ్లకు వదలొద్దు. చిన్నప్పుడు నీ హోంవర్క్ నాతో రాయించుకునేదానివి, ఇప్పుడు అలా కుదరదు. షేడ్‌నెట్‌లో పొట్టి మొక్క కనబడితే అక్కడే పీకెయ్. పొద్దున తిని వెళ్లు, సీసాలు మార్చే లామినార్ బల్ల ముందు కూర్చుంటే నీకు ఆకలి కూడా గుర్తుండదు.

మీ మొదటి బ్యాచ్ పరీక్షలన్నీ పాసై, మొక్కలు గట్టిపడ్డాక నాకు 2,400 పక్కన పెట్టు. డబ్బు నేనిస్తాను. పాకాలకు నేనే తీసుకెళ్లి, ఆయనకు అప్పుడు చెప్పని మాట చెప్పాలి.

మీ అత్త