మూడు కొవ్వొత్తులు

చిరంజీవి నానీకి, అత్త దీవించి రాస్తున్నది.

వదిన నిన్న రాత్రి ఫోను చేసింది. ఈ వేసవి సెలవుల్లో ఊళ్లో పిల్లల్ని రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి సైన్సు ప్రయోగాలు చేయిస్తావట. విన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పని చేసినదాన్ని, మనింట్లో ఇంకొకడు దానికి దిగుతున్నాడంటే గుండె పొంగదా? తెల్లారేసరికి మాత్రం దిగులు పట్టుకుంది.

ముందు కాలువ సంగతి. నీళ్లు కావాలంటే నువ్వే బిందెతో తెచ్చుకో, పిల్లల్ని రేవుకి పంపకు. వేసవికి కాలువలకి నీళ్లు కట్టేశారు కదత్తా అంటావు. కట్టేసిన కాలువంటేనే నాకు ఎక్కువ భయం. అడుగున అక్కడక్కడా మడుగులు నిలుస్తాయి, పైకి మోకాలి లోతే అనిపిస్తుంది, దిగితే బురదలోంచి కాలు రాదు. నీకు నాలుగేళ్లప్పుడు లాకుల దగ్గర నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తావు. ఆ రోజు నీ వీపు మీద పడ్డ దెబ్బ నీకు గుర్తుండదు, నాకుంది. ఆ రాత్రి నిన్ను నా పక్కలోంచి ఎవరినీ తియ్యనివ్వలేదు.

అగ్గిపెట్టె నీ జేబులోనే ఉండాలి. సున్నపు తేటలోకి ఊదితే తెల్లబడే ప్రయోగం నువ్వే చేసి చూపించు, పిల్లలు ఊదమంటే పీలుస్తారు. రాతి సున్నం జోలికి అసలు పోకు.

సామాన్లకి డబ్బు పొయ్యకు. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడటం, నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపుపచ్చగా మారడం ఏ ఇంట్లోనైనా చూపించొచ్చు. మంచినీళ్లలో మునిగిన గుడ్డు ఉప్పునీళ్లలో తేలుతుంది. అక్కడ రొయ్యల చెరువుల వాళ్ల పిల్లల్ని మాట్లాడనీ, నీళ్లలో ఉప్పు ఎంతుందన్న మాట వాళ్లింట్లో రోజూ వినేదే. కన్నున్న కొబ్బరిచిప్పకి మేకుతో సన్నటి బెజ్జం వేసి నీళ్ల తొట్టిలో వదులు. నిండి మునగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టించు. మునక్కపోతే రెండు గులకరాళ్లు వెయ్యి. పూర్వం గడియకుడుక అంటే ఇదే, అది ఒకసారి మునిగితే 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు ఎలా అయ్యాయో వాళ్లే గుణించుకుంటారు.

నాకన్నిటికన్నా ఇష్టమైంది మట్టి సీసా. లంక మట్టి ఒక గుప్పెడు, చేలో మట్టి ఒక గుప్పెడు, రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి బాగా కుదిపి అరుగు మీద పెట్టు. ఇసక నిమిషంలో దిగుతుంది. ఒండ్రు నెమ్మదిగా దిగుతుంది. జిగట మట్టి మర్నాటికి కూడా నీళ్లలోనే ఉండొచ్చు. అప్పుడు అమ్మమ్మ కుండ అడుగున అరగదీసినట్టు చిల్లగింజ అరగదీసి కలుపు, తేరుకుంటుంది. గోదావరి కూడా ఇంతే, పరుగు తగ్గిన చోటల్లా మోసుకొచ్చింది దించుకుంటూ పోయింది, మనం నిలబడ్డ నేలంతా అలా దిగిందే అని చెప్పు. నేను చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తన కాళ్ల కిందకి చూసుకునేవారు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఎనిమిదో తరగతి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లించాను. మంట ఆరింది, నీళ్లు గ్లాసులోకి లేచాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్, అది మండి అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి అని చెప్పాను. నాకూ అలాగే చెప్పారు. మూడో వరసలో ఒక పిల్లాడు లేచాడు. "మేడమ్ గారండీ, దీపం కొండెక్కాకే నీళ్లు లేచాయండి. ముందు అంచు కిందనించి బుడగలొచ్చాయండి" అన్నాడు. క్లాసు నవ్వింది. "పుస్తకంలో ఉన్నది చూడు, పళ్లెంలో బుడగలు తర్వాత లెక్కపెడుదువుగాని" అన్నాను. వాడు కూర్చున్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి ఒక కొవ్వొత్తితో చేశాను, తర్వాత మూడింటితో. గ్లాసు అదే, గాలి అదే. ఆక్సిజన్ అయిపోవడమే కారణమైతే నీళ్లు రెండుసార్లూ ఒకే ఎత్తుకి రావాలి. మూడింటితో ఇంకా పైకి లేచాయి. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటికి పోతోంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటోంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లని లోపలికి నెడుతోంది. నీళ్లు లేవడంలో పెద్ద వాటా దీనిదే. మంట ఆరేసరికి ఆక్సిజన్ పూర్తిగా అయిపోదు కూడా. పిల్లాడు రెండూ సరిగ్గానే చూశాడు.

మర్నాడు చెప్పాలి కదా? చెప్పలేదు. పరీక్షలో పుస్తకం జవాబే రాయాలి, పిల్లలు తికమకపడతారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు సిగ్గేసింది. వార్షిక పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. వాడు ఆక్సిజన్ అయిదో వంతు అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. నేను ఎర్ర సిరాతో రెండుకి రెండు వేశాను.

తర్వాతి ఏడు నుంచి ప్రతి తరగతికీ మూడు కొవ్వొత్తులతో చేసి చూపించాను. ఆ తరగతికి మాత్రం చెప్పలేదు. వాడు పదో తరగతి దాకా నా క్లాసులోనే ఉన్నాడు, మళ్లీ ఒక్కసారీ లేచి మాట్లాడలేదు.

అందుకని నానీ, ఏ ప్రయోగమైనా ముందురోజు రాత్రి ఇంట్లో రెండుమూడుసార్లు చేసుకుని మరీ వెళ్లు. పిల్లలతో చేసేటప్పుడు జవాబు నువ్వు చెప్పకముందే ఏం చూశావురా అని ఒక్కొక్కణ్ణీ అడుగు. నీకు తెలియనిది ఎవరైనా అడిగితే తెలీదని చెప్పు, రేపు చూద్దామను, రేపు తప్పకుండా చూడు. ఫోనులో వీడియో చూసి అదే తంతు దింపడానికైతే నువ్వు వాళ్లకి అక్కర్లేదు, ఫోను చాలు. కోపంగా రాశాననుకోకు. నువ్వు చిన్నప్పుడు గడియారం విప్పేస్తే మీ నాన్న చేతుల్లోంచి నిన్ను లాక్కున్నది నేనేగా.

పెద్దవాళ్లు ఇద్దరు తోడొస్తే, ఒకరోజు పి.గన్నవరం అక్విడక్టు చూపించు. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలువ. రెయిలింగు దగ్గర చేతులు పట్టుకుని నడవమను.

బస్సులో పంపే సంచిలో చిల్లగింజలు, రెండు గాజు గ్లాసులు, మూడు కొవ్వొత్తులు ఉన్నాయి. అడుగున సున్నుండలు కూడా ఉన్నాయి, అవి నీకు. ఒక నోటుపుస్తకం కూడా పెట్టాను. నువ్వు గమనించనిది ఏ పిల్లాడు చూసినా, వాడి పేరూ తేదీ వేసి వాడన్న మాటలు వాడన్నట్టే అందులో రాయి. వానలు పడ్డాక వస్తాను, అప్పుడు చూపించు.

మీ అత్త