డ్రాఫ్ట్‌కి వచ్చే కుర్రాళ్లలో ఎవరు నిలబడతారు?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీమ్‌లు ఏటా కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి వచ్చే 19, 20 ఏళ్ల కుర్రాళ్లలో ఎవరు పెద్ద ఆటగాళ్లవుతారో ముందే తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. కాకపోతే అందరూ చూసే చోట చూస్తే తెలియదు. ఎత్తు, చేతుల పొడవు, ఎంత ఎగురుతాడు అనేవి టేపుతో కొలవొచ్చు కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు. నేను చూసేది ఒక్కటే: బంతి చేతికి రాకముందే ఏం చేయాలో ఆ కుర్రాడికి తెలుసా?

2014లో నికోలా యోకిచ్‌ని డెన్వర్ 41వ పిక్‌గా తీసుకుంది. అతని పేరు వచ్చే సమయానికి అమెరికా టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. లావుగా ఉన్నాడు, ఎగరలేడు అన్నారు. అలాంటివాడు మూడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 2023లో టీమ్‌కి టైటిల్ తెచ్చాడు. తర్వాత లీగ్‌లో గొప్ప స్కోరర్ అయిన కెవిన్ డ్యురాంట్ 2007లో డ్రాఫ్ట్‌కి ముందు పెట్టిన పరీక్షల్లో 185 పౌండ్ల బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడని పెద్ద చర్చ జరిగింది. ఆ బరువుకీ అతని షాట్‌కీ ఏం సంబంధం?

మా అన్నయ్య కొడుకు ఇక్కడ బెంగళూరులో ఒక క్లబ్‌లో ఆడతాడు. వాళ్ల అండర్-16 సెలెక్షన్స్‌కి నేనే తీసుకెళ్లాను. ముందు అందర్నీ గోడకి ఆనించి ఎత్తు రాసుకున్నారు. తర్వాత మ్యాచ్. ఒక పొడుగాటి అబ్బాయి ఎగిరి రింగు ముట్టుకున్నాడు, ఈలలే ఈలలు. కాసేపటికి మావాడికి రీబౌండ్, అంటే పడని షాట్ నుంచి తిరిగొచ్చిన బంతి, దొరికింది. బంతి ఇంకా గాల్లో ఉండగానే మెడ తిప్పి వెనక్కి చూశాడు. కాళ్లు నేలకి తగిలీ తగలగానే, ఒక్క డ్రిబుల్ కూడా లేకుండా, అవతలి చివరికి పరిగెడుతున్న అబ్బాయి చేతుల్లోకి పాస్ ఇచ్చాడు. ఆ అబ్బాయి లేఅప్ (రింగు దగ్గరికెళ్లి వేసే తేలిక షాట్) మిస్ చేశాడు. అంతే, కోచ్ పెన్ను కదల్లేదు. రింగు ముట్టుకున్న అబ్బాయి సెలెక్ట్ అయ్యాడు, మావాడు కాలేదు. తిరిగొచ్చేటప్పుడు బైక్ వెనక నుంచి వాడు అడిగాడు, "బాబాయ్, పాస్ ఇస్తే రాసుకోరా?" నాకు కడుపు మండిపోయింది. ఆ చూపు ఎవరూ నేర్పలేదు వాడికి.

ఇక తల్లిదండ్రుల సంగతి. కోర్ట్ పక్కన ఫోన్ పట్టుకుని "షూట్ చెయ్, షూట్ చెయ్" అని అరుస్తారు. ఇంటికెళ్లి అందులో పడిన షాట్లే ఏరి రీల్ పెడతారు. పైగా ఈ సిమెంట్ కోర్టులు! పదిహేనేళ్లకే మోకాళ్లకి బ్యాండేజీ కట్టుకుని తిరిగే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. ఎంత ఎగురుతాడని కొలిచేవాళ్లు ఎక్కడ దిగుతున్నాడో చూడరు.

డ్రాఫ్ట్ విషయానికొస్తే, షూటింగ్‌కి నేను ఫ్రీ త్రోలు చూస్తాను. ఎదురుగా ఎవరూ అడ్డం లేనప్పుడు చెయ్యి కుదురుగా ఉన్నవాడికి మూడు పాయింట్ల షాట్ తర్వాతైనా వస్తుంది. మిగతాదానికి హైలైట్స్ వద్దు. పొద్దున ఆఫీసుకి వెళ్లేలోపు ఒక పూర్తి మ్యాచ్ పెట్టుకుని, బంతిని వదిలేసి మీకు నచ్చిన కుర్రాడినే చూడండి. తన చేతిలో బంతి లేనప్పుడు నిలబడి చూస్తున్నాడా, ఖాళీ వెతుక్కుంటూ కదులుతున్నాడా అన్నది సగం మ్యాచ్ అయ్యేసరికి మీకే కనబడుతుంది.